ఒకే పొయ్యి మీద కిడ్నీ పథ్యం, షుగర్ పథ్యం, పిల్లాడి అన్నం: నేను వండిన పద్ధతి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకీ తెలిసేలా ముందు మీ ఇంటి పరిస్థితి క్లుప్తంగా చెప్తాను. మామగారికి వచ్చే నెల డెబ్బై నిండుతాయి, కిడ్నీలు దెబ్బతిన్నాయి, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 3.1, రక్తంలో పొటాషియం 5.6, బీపీ ఉంది, షుగర్ లేదు, డయాలసిస్ ఇంకా మొదలుపెట్టలేదు. అత్తగారికి 14 ఏళ్లుగా షుగర్, మాత్రల మీద ఉన్నారు. బాబుకి ఆరేళ్లు, అన్నం తినడానికి పేచీ. మీరూ మీవారూ ఉదయం 8 కల్లా ఇంట్లోంచి బయటపడాలి. డాక్టరు గారు మామగారికి ఒక కాగితం, అత్తగారికి ఇంకో కాగితం ఇచ్చారు, ఒకదాంట్లో తినమన్నది రెండోదాంట్లో వద్దని ఉంది. మూడు వారాలుగా మూడు వంటలు వండుతున్నారు, మొన్న రాత్రి పొయ్యి దగ్గరే కూర్చుని ఏడ్చేశారు. ఇంతమందికీ ఎలా వండాలన్నది మీ ప్రశ్న.

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లె, ఉద్దానం ప్రాంతం. ఉద్దానం పేరు మీరు వినే ఉంటారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మా మామయ్యగారికి కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసిన రోజు నుంచి ఆయన పోయేదాకా 11 ఏళ్లు, అందులో చివరి నాలుగేళ్లు డయాలసిస్ మీద, ఆయనకి నేనే వండాను. మా అత్తమ్మకి షుగర్. ఇద్దరు పిల్లలు ఆ వంటింట్లోనే పెరిగారు. నేను డాక్టర్ని కాదు, డైటీషియన్ని కాదు. కానీ మీరున్న చోట నేను చాలా కాలం ఉన్నాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను: మూడు వంటలు ఆపేయండి. వండేది ఒకటే. ఎక్కడ విడదీయాలో తెలిస్తే చాలు.

ముందు ఆ రెండు కాగితాలూ ఎందుకు కొట్టుకుంటున్నాయో చెప్పాలి, అది అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. షుగర్ మనిషికి మంచివని మనం నేర్చుకున్నవన్నీ, అంటే ముడిబియ్యం, రాగులు, కొర్రలు, పప్పులు, మొలకలు, ఆకుకూరలు, గింజలు, వీటిలో పీచుతో పాటు పొటాషియం, ఫాస్ఫరస్ కూడా బాగా ఉంటాయి. ఆరోగ్యవంతుడి కిడ్నీ మిగులు పొటాషియాన్ని, ఫాస్ఫరస్‌ని మూత్రంలో పంపించేస్తుంది. మీ మామగారి కిడ్నీకి ఆ పని చేతకావడం లేదు, అవి రక్తంలో నిలిచిపోతాయి, పొటాషియం మరీ పెరిగితే గుండె కొట్టుకునే తీరే మారిపోతుంది. అందుకని అత్తగారికి తగ్గించమన్న తెల్లన్నమే మామగారికి మంచి తిండి. వినడానికి వింతగా ఉంటుంది కానీ నిజం. తెల్లబియ్యంలో పొటాషియం తక్కువ, ఫాస్ఫరస్ తక్కువ, ఒంటికి కావలసిన శక్తి ఇస్తుంది. మీరు ఇంటిల్లిపాదికీ కొర్రలకి మారిపోయామని రాశారు చూడండి, మామగారి వరకు అది ఆపేయండి.

ఇంకొకటి. ఈ పొటాషియం పథ్యం కిడ్నీ జబ్బున్న ప్రతి ఒక్కరికీ కాదు. రిపోర్టులో పొటాషియం పెరిగినవాళ్లకే. మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి, మీ మామగారిది 5.6 కాబట్టి ఇదంతా రాస్తున్నాను. రేపు అది 4.4కి దిగితే కొన్ని కూరగాయలు మళ్లీ ఇవ్వవచ్చేమో డాక్టరు గారిని అడగండి. మా ఊళ్లో చాలామంది చేసిన తప్పు ఏమిటంటే, ఎవరో ఎప్పుడో రాసిన కాగితం పట్టుకుని ఏళ్ల తరబడి అన్నీ మానేసి, జబ్బు కంటే ముందు తిండి లేక చిక్కిపోవడం.

ఇక ఉప్పు. ఇక్కడ ఒక సంగతి చెప్పి తీరాలి, దయచేసి దాటేయకండి. మామయ్యగారికి జబ్బని తెలిసిన మొదటి ఏడాది, ఉప్పు తగ్గించమన్నారని మావారు బజారు నుంచి సోడియం తక్కువ ఉన్న ఉప్పు ప్యాకెట్ తెచ్చారు. బీపీ వాళ్లకి మంచిదని దుకాణంలో చెప్పారట. నేను సంతోషంగా అదే వాడాను, రుచి కూడా తేడా తెలియలేదు. మూడు వారాలకి మామయ్యగారు కాళ్లలో సత్తువ లేదనడం మొదలుపెట్టారు, ఒకరోజు మంచం మీంచి లేవలేకపోయారు. ఆసుపత్రిలో చూస్తే పొటాషియం 6.4. అక్కడి నర్సు, పెద్దావిడ, ఇంట్లో ఏ ఉప్పు వాడుతున్నారని అడిగింది. ఆ ఉప్పుల్లో సోడియం తగ్గించి ఆ స్థానంలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. బీపీ మాత్రమే ఉన్నవాళ్లకి అది పనికొస్తుందేమో కానీ పొటాషియం నిలిచిపోయే కిడ్నీకి విషంతో సమానం. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఈ రోజే తీసేయండి. సైంధవ లవణం, గులాబీ రంగు ఉప్పు కూడా దాదాపు అంతా సోడియం క్లోరైడే, వాటిని ఎక్కువ వాడుకోవచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి. మామూలు అయొడైజ్డ్ ఉప్పే వాడాలి, తక్కువ వాడాలి.

ఎంత తక్కువ అంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ చెప్పే మాటే రోజుకి 5 గ్రాముల లోపు. టీ స్పూనుతో సమంగా తీస్తే అటూ ఇటూగా అంతే వస్తుంది. మరి ఒకే గిన్నెలో వండితే ఎవరెంత తిన్నారో ఎలా తెలుస్తుంది? నేను చేసింది ఇది. కుంకుమ భరిణె ఉంటుంది కదా, అంత చిన్న స్టీలు భరిణె ఒకటి మామయ్యగారిదని పెట్టాను. పొద్దున్నే అందులో ముప్పావు టీ స్పూను ఉప్పు పోసేదాన్ని. పెరుగులో, బయటి వస్తువుల్లో ఎలాగూ ఎంతో కొంత వెళ్తుంది కాబట్టి ముప్పావు. ఆయన కూర, చారు అన్నీ ఉప్పు లేకుండానే దించేదాన్ని. కంచంలో వడ్డించాక ఆ భరిణెలోంచి చిటికెడు తీసి కూర పైన చల్లుకునేవారు. ఉప్పు కూరలో ఉడికితే లోపలికి ఇంకిపోతుంది, అదే పైన చల్లితే నాలుకకి ముందు తగిలేది ఉప్పే, అందుకని సగం ఉప్పుతోనే సరిపోయిందనిపిస్తుంది. రాత్రికి భరిణెలో ఇంకా మిగిలితే ఆయన నాకు చూపించి ఇచ్చేవారు. ఎవరూ తన చేతిలోంచి ఉప్పు లాక్కోవడం లేదు, తనదే లెక్క అనిపించేది ఆయనకి. అది చాలా పెద్ద విషయం అమ్మా.

ఆవకాయ, ఉప్పు మిరపకాయలు, అప్పడాలు, వడియాలు, మా తీరంలో అయితే ఎండు చేపలు, ఇవి మాత్రం మామగారి వైపు రానివ్వకండి. అప్పడంలో ఉప్పుతో పాటు సోడా కారం కూడా ఉంటుంది, అదీ సోడియమే. దానికి బదులు తెల్లన్నం వడియాలు ఉప్పు లేకుండా, జీలకర్ర, పచ్చిమిర్చి వేసి మీరే ఎండబెట్టుకుంటే కరకరలాడేది ఒకటి కంచంలో ఉంటుంది.

ఇప్పుడు వార్చడం. మా అమ్మమ్మ కాలంలో అన్నం ఎసట్లో ఉడికించి సిబ్బి వేసి గంజి వార్చేవారు గుర్తుందా, కూరగాయల్ని కూడా అలాగే చేయాలి. పొటాషియం నీళ్లలో కరుగుతుంది. కాయ చెక్కు తీసి, సన్నగా, పలుచగా తరిగి, గోరువెచ్చటి నీళ్లలో ఓ గంటో రెండు గంటలో నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ బోలెడు నీళ్లలో, అంటే ముక్కలు ఈదులాడేంత నీళ్లలో, పదినిమిషాలు ఉడికించి ఆ నీళ్లు కూడా వార్చేయాలి. నానబెట్టడం కంటే ఉడికించి వార్చడం ఎక్కువ పని చేస్తుంది, తీరిక లేకపోతే మొదటిది వదిలేసినా రెండోది వదలకండి. ముక్క పెద్దదైతే లోపలిది బయటికి రాదు, అందుకే సన్నగా తరగమంటున్నాను. ముఖ్యంగా కుక్కర్. మీరు అన్నీ కుక్కర్లో పెట్టేస్తున్నానని రాశారు. కుక్కర్లో కొంచెం నీళ్లు పోస్తాం, అవి కూరలోనే ఉండిపోతాయి, పొటాషియం ఎక్కడికీ పోదు. కాబట్టి మామగారి కూరగాయలకి మూత లేని వెడల్పాటి గిన్నే వాడండి. వార్చిన నీళ్లు చారులో పోయకండి, బాబుకి సూప్ చేసి ఇచ్చినా ఫర్వాలేదు కానీ మామగారి వైపు మాత్రం వద్దు.

రోజువారీ కూరలకి సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, క్యాబేజీ, దోసకాయ మంచి నేస్తాలు. సొరకాయ తరిగేముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి, చేదుగా ఉంటే మొత్తం పారేయండి, చేదు సొరకాయ ఎవరికీ మంచిది కాదు. బంగాళదుంప, చేమ, కంద, పాలకూర, తోటకూర, గోంగూర, మునగాకు, ఇవి మామగారికి పొటాషియం దిగేదాకా పక్కన పెట్టండి. టమాటా, చింతపండు మనకి లేకుండా పూట గడవదు కానీ రెండింట్లోనూ పొటాషియం ఎక్కువే. పులుపు కోసం నేను నిమ్మకాయకి మారాను. దించాక అరచెక్క పిండితే రుచి వస్తుంది, ఆ కాస్త రసంలో వెళ్లేది చాలా తక్కువ. పైగా పులుపు తగిలితే ఉప్పు తక్కువైన సంగతి నోటికి తెలియదు. పళ్లలో ఆపిల్, అనాస, ఏదో ఒకటి, చిన్న కప్పు. అరటిపండు, సపోటా, బత్తాయి రసం, ఖర్జూరం, ఎండుద్రాక్ష వద్దు. స్టార్ ఫ్రూట్ అని ఐదు కోణాల పండు సూపర్ మార్కెట్లలో కనిపిస్తోంది, అది కిడ్నీ జబ్బున్నవాళ్లు ఒక్క ముక్క కూడా తినకూడదు, మెదడు మీద పనిచేస్తుంది.

కొబ్బరి నీళ్ల గురించి వేరుగా చెప్పాలి. మా ఉద్దానం అంటేనే కొబ్బరి, జీడి, పనస. ఇంటికి చుట్టం వస్తే బొండాం కొట్టి ఇవ్వడం మర్యాద. నీరసంగా ఉన్నాడని తెలిస్తే ఇంకో రెండు బొండాలు కొట్టిస్తారు. ఆ ప్రేమ ఎంత మంచిదో కానీ కొబ్బరి నీళ్లలో పొటాషియం మెండుగా ఉంటుంది, కిడ్నీ మనిషికి ఒక్క బొండాం కూడా వద్దు. మీ మామగారిని చూడడానికి వచ్చేవాళ్లు తప్పకుండా తెస్తారు. తిరిగి ఇచ్చేయకండి, చిన్నబుచ్చుకుంటారు. తీసుకుని బాబుకి ఇవ్వండి. మామగారికి మాత్రం ముందే విషయం వివరంగా చెప్పి ఉంచండి, ఆయనే మొహమాటపడి తాగేయకుండా.

విడదీయడం ఎలాగో ఒక ఉదయం పూట చూపిస్తాను, సొరకాయ ఉందనుకోండి.

రాత్రి పడుకోబోయే ముందు సొరకాయ తరిగి పెట్టుకోండి. పెసరపప్పు ఒక గుప్పెడు నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్న 6 కి వెడల్పు గిన్నెలో నీళ్లు మరిగించి ముక్కలన్నీ ఒకేసారి అందులో వేసేయండి, అందరివీ. ఇంకో పొయ్యి మీద పప్పు. ముక్క మెత్తబడగానే మామగారి వాటా, ఒక కప్పు ముక్కలు, చిల్లుల గరిటెతో తీసి చిల్లుల గిన్నెలో వార్చేయండి. మిగిలిన ముక్కల్లో నీళ్లు సగం తీసేసి ఉడికిన పప్పు, పసుపు, పచ్చిమిర్చి, ఉప్పు వేసి కలిపితే అది సొరకాయ పప్పు, అత్తగారికీ మీకూ బాబుకీ. ఇప్పుడు పోపు ఒక్కసారే పెట్టండి, కాస్త ఎక్కువ నూనెతో: ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి, కరివేపాకు, ఇంగువ. వెల్లుల్లి అంచులు ఎర్రబడి వంటిల్లంతా వాసన కమ్ముకోగానే సగం పోపు పప్పులోకి, మిగతా సగం ఆ మూకుట్లోనే ఉంచి మామగారి ముక్కలు అందులో వేసి నీరు ఇగిరేదాకా వేయించి, మిరియాల పొడి, నిమ్మరసం. ఉప్పు లేదు. అంతే. ఒక కాయ, ఒక పోపు, రెండు కూరలు. నాకు అలవాటయ్యాక 35 నిమిషాలు పట్టేది. మీకు మొదటి వారం గంట పడుతుంది, కంగారు పడకండి.

బీరకాయైనా, క్యాబేజీ అయినా ఇదే దారి. వార్చే ముందు అందరిదీ ఒకటే, వార్చాక మామగారిది వేరు. ఉప్పు, పప్పు, చింతపండు, కొబ్బరి, పల్లీలు, ఈ ఐదూ విడదీశాకే పడాలి. ఫ్రిజ్ తలుపు మీద ఈ ఐదు పేర్లు రాసి అతికించుకోండి, మీరు లేనప్పుడు ఎవరు వండినా తప్పు జరగదు.

ఇడ్లీ పిండి కూడా అలాగే. ఉప్పు వేయకుండా పులియబెట్టండి, బాగానే పొంగుతుంది. పొద్దున్న మామగారికి మూడు ఇడ్లీల పిండి రేకులో వేసేశాకే మిగతాదాంట్లో ఉప్పు కలపండి. సోడా, ఫ్రూట్ సాల్ట్ లాంటివి వేసి హడావిడిగా పొంగించే ఇన్‌స్టంట్ ఇడ్లీ మాత్రం ఆయనకి పెట్టకండి. ఆయనకి పల్లీ చట్నీ బదులు ఉల్లిపాయలు వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, నిమ్మరసంతో రుబ్బిన పచ్చడి. ఉప్మా చేస్తే ఆయనకి బొంబాయి రవ్వ, అత్తగారికి గోధుమ రవ్వ. ఇక్కడ మాత్రం రెండు గిన్నెలు తప్పవు, వారానికి ఒకసారికి మించి ఉప్మా పెట్టుకోకండి.

ప్రొటీన్ విషయంలో మీరు మామగారికి పప్పు, గుడ్డు, పెరుగు అన్నీ ఆపేశామని రాశారు. వద్దమ్మా, అంత ఆపకూడదు. డయాలసిస్ లేనప్పుడు సాధారణంగా కిలో బరువుకి రోజుకి 0.6 నుంచి 0.8 గ్రాముల దాకా చెప్తారు, ఆయన 60 కిలోలు ఉంటే 36 నుంచి 48 గ్రాములు. బియ్యం 200 గ్రాములు తింటే అందులోనే 14 వచ్చేస్తుంది, పెరుగు ఓ చిన్న కప్పు 4 - 5, రెండు గుడ్ల తెల్లసొన 7, నానబెట్టి ఉడికించి నీళ్లు వార్చిన పప్పు 30 గ్రాములు 7. ఇలా లెక్కేసి మీ డైటీషియన్‌కి చూపించండి. గుడ్డు తెల్లసొనలో ఫాస్ఫరస్ చాలా తక్కువ, మంచి ప్రొటీన్, మేము రోజూ పెట్టేవాళ్లం. పచ్చసొన పిల్లలు తినేవారు. ఒంట్లో కండ కరిగిపోకుండా ఉండాలంటే శక్తి కూడా అందాలి, ఆయనకి షుగర్ లేదు కాబట్టి అన్నంలో ఒక చెంచా నెయ్యి, సాయంత్రం టీలో పంచదార మానిపించకండి. ఇంట్లో ఒకరికి షుగర్ ఉందని అందరూ పంచదార మానేస్తే నష్టపోయేది ఆయనే. రేపు డయాలసిస్ మొదలైతే ఈ లెక్క తిరగబడుతుంది, అప్పుడు ప్రొటీన్ పెంచమంటారు, కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు, నీళ్లు తగ్గించమంటారు. చారు, మజ్జిగ, టీ అన్నీ ఆ నీళ్ల లెక్కలోకే వస్తాయి. అది వచ్చినప్పుడు చూద్దాం.

అత్తగారి సంగతి. ఈవిడది నిజానికి వంట సమస్య కాదు, వడ్డన సమస్య. అందరూ తినే పప్పు, కూరే ఆవిడకీ. అన్నం కొలత మారాలి, వరస మారాలి. ముందు కూర ఒక కప్పు నిండా, పప్పు, ఆ తర్వాత అన్నం. ముందు కూరా పప్పూ కడుపులోకి వెళ్తే అన్నం తాలూకు చక్కెర రక్తంలోకి మెల్లగా ఎక్కుతుంది. మా అత్తమ్మ మొదట్లో ఉత్త కూర ఎలా తింటారని గొడవ చేశారు, చిన్న గిన్నెలో పెట్టి చెంచా ఇస్తే పకోడీ తిన్నట్టు తినేశారు. రాగిజావ షుగర్‌కి మంచిదని ప్రతి పూటా కాచి ఇచ్చేదాన్ని. ఒకరోజు జావ తాగిన రెండు గంటలకి వేలు గుచ్చి చూస్తే 231. మెత్తటి పిండిని పలుచగా కాచినప్పుడు ఇట్టే అరిగి ఎక్కేస్తుంది. అదే రాగుల్ని రొట్టెలా చేసి కూరతో ఇస్తే అంత ఎక్కలేదు. మీరూ అలాగే, ఏదైనా కొత్తది మొదలుపెట్టినప్పుడు రెండు గంటలకి చూసి నోట్‌బుక్‌లో రాయండి, ఆవిడ ఒంటికి ఏది పడుతుందో ఆ అంకెలే చెప్తాయి. బెల్లం, తేనె పంచదార కంటే మంచివని ఆవిడ వాదిస్తున్నారని రాశారు, షుగర్ పెంచడంలో మూడూ ఒకటే.

ఒక జాగ్రత్త. మాత్ర వేసుకుని టిఫిన్ ఆలస్యమైతే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, 70 కంటే తక్కువ కనిపిస్తే మూడు టీ స్పూన్ల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి, పావుగంటకి మళ్లీ చూడండి. మీరు ఆఫీసుకి వెళ్లాక ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే కదా, ఈ సంగతి మామగారికి నేర్పండి. పంచదార డబ్బా ఆవిడకి కనబడకుండా పై అరలో దాచామన్నారు, కిందికి దించండి.

బాబుని పెద్దవాళ్ల పథ్యంలోకి లాగకండి. మూడు వారాల్లో వాడు చిక్కిపోయాడని మీరే రాశారు. ఉప్పు తక్కువ తినడం వాడికీ మంచిదే, కానీ వాడికి పాలు, గుడ్డు మొత్తం, నెయ్యి, పప్పు, ఆకుకూర, పల్లీ ఉండలు, అరటిపండు, అన్నీ కావాలి. ఇంట్లో ఇద్దరు తినకూడదని ఆ వస్తువులు కొనడమే మానేశారు మీరు. కొనండి. వాడి స్కూల్ డబ్బాలో పెట్టండి, సాయంత్రం తాతయ్య టీ తాగే వేళకి వీడు పల్లీ ఉండ కొరుకుతూ పక్కన కూర్చోకుండా చూస్తే చాలు. మామయ్యగారు నోరూరుతోందని చెప్పేవారు కాదు కానీ చూపు అటే ఉండేది.

చుట్టాల సలహాలు మీకూ వస్తున్నాయి. నేల ఉసిరి, పునర్నవ, ఏవో కషాయాలు, క్రియాటినిన్ దించే పొడులు. దేనికీ డాక్టరు గారికి చెప్పకుండా ఒప్పుకోకండి, అలాగే మామగారు మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు కూడా. ఆ నొప్పి మాత్రల్లో చాలావాటికి మిగిలిన కిడ్నీని కూడా పాడుచేసే గుణం ఉంది. మీరు వంటింట్లో ఎంత వార్చినా ఆ ఒక్క మాత్ర ముందు నిలవదు.

ఇంకో మాట వండేదాని గురించి కాదు, పెట్టేదాని గురించి. మామగారికి ముందుగా, వేరుగా, టీవీ గదిలో పెట్టేస్తున్నామని రాశారు, మీ కంచాలు చూస్తే బాధపడతారేమోనని. మేమూ మొదట అలాగే చేశాం. ఆయన తిండి తగ్గించేశారు. ఒకరోజు మా పెద్దమ్మాయి, అప్పుడు దానికి ఏడేళ్లు, తన కంచం పట్టుకెళ్లి తాతయ్య పక్కన కూర్చుంది, నాకూ తాతయ్య కూరే వేయమంది. ఆ పోపు వాసన మంచిగా ఉందంట. ఆ రోజు ఆయన రెండోసారి అన్నం అడిగారు. అప్పట్నుంచి ఆయన కూర కాస్త ఎక్కువ చేసి అందరం రెండు ముద్దలు తినేవాళ్లం, మాకు కావాలంటే పైన ఉప్పు చల్లుకునేవాళ్లం. అందరూ కలిసి కూర్చోగలిగే పూట, రాత్రి భోజనమైనా సరే, ఆయన్ని కలుపుకోండి.

చివరగా, మామగారికి డెబ్బై నిండిన సందర్భంగా చేసే భీమరథ శాంతి రోజున ఏం వండాలని అడిగారు. బొబ్బట్లు వద్దు, పప్పూ బెల్లమూ రెండూ ఉన్నాయి. పాలు మరిగించిన పాయసమూ వద్దు. అనాసపండు కేసరి చేయండి. బొంబాయి రవ్వ ఒక గ్లాసు అరగ్లాసు నెయ్యిలో దోరగా వేయించి పక్కన పెట్టుకోండి. రెండున్నర గ్లాసుల నీళ్లలో సన్నగా తరిగిన అనాస ముక్కలు ఒక కప్పు వేసి, ముక్క మెత్తబడ్డాక రవ్వ చల్లుతూ ఉండ కట్టకుండా కలిపి, దగ్గరపడ్డాక ఒకటింపావు గ్లాసు పంచదార, రెండు యాలకులు, కొంచెం కుంకుమపువ్వు. జీడిపప్పు, కిస్‌మిస్ వేయకండి, అందరివీ వడ్డించాక మిగతావాళ్ల గిన్నెల్లో పైన వేసుకోవచ్చు. మామగారికి ఒక కప్పు, నిమ్మకాయ పులిహోరతో, అది కూడా పల్లీలు వేయకముందు తీసినది. అత్తగారికి ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించి, భోజనం అయ్యాక రెండు చెంచాల కేసరి. ఆయన పుట్టినరోజున ఆవిడ నోరు కట్టేసుకుని కూర్చోనక్కర్లేదు. మళ్లీ రక్త పరీక్ష చేయించాక పొటాషియం ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి, కూరగాయల్లో ఏవి తిరిగి మొదలుపెట్టవచ్చో డాక్టరు గారు చెప్తే వాటిని ఎలా వండాలో చెప్తాను.